చలికి కరిగిన దారులు

ఆయన బతికున్నన్నాళ్ళూ మా ముంగిట్లోకి ఎండ దిగేసరికి నా పనులన్నీ అయిపోయేవి. కొండ మీది పశువుల ల్యాబులో బాయిలర్ డ్యూటీ దిగి పదకొండింటికి వచ్చేవారు. ఇద్దరం చాప మీద కూర్చుని వీపులు కాచుకునేవాళ్ళం. చైత్రంలో ఆయన పోయాక ఎండ దాని మానాన అది వచ్చి పోయేది. నేను తలుపు తీయడం మానేశాను.

మార్గశిరంలో ఒక రోజు ఖష్టీ దీదీ వచ్చి ఆ తలుపు బాదింది.

"ఏమే చెల్లీ, ఎండకి కూడా తాళం వేశావా? తియ్, నా నడుం పట్టేసింది!"

ఆమెదీ ఆ ల్యాబే; పైనున్న కణాలు పెంచే గదికీ, కిందున్న మైక్రోస్కోపు గదికీ మధ్య కాలిబాట మా ముంగిలి మీదుగానే పోతుంది. ఆ రోజు మొదలు ఆమె చేతిలో కణాల డబ్బాతో దిగి వచ్చి, ఒక అరగంట నా దగ్గర కూర్చునేది. బత్తాయంత కొండ నిమ్మకాయ వొలిచి, పెరుగు, బెల్లం, నూరిన మత్తులేని భాంగు గింజలు కలిపి నా ముందు పెట్టేది. "తిను. నీ మొహం చూస్తే మా వాడలో పాల్లేని ఆవులు కూడా జాలిపడతాయి." నాకు నవ్వొచ్చేది. నవ్వినందుకు సిగ్గేసేది. ఆ సిగ్గు కూడా పోయేదాకా ఆమె మానలేదు.

ఖష్టీ దీదీ చదివింది ఐదో తరగతి. ఇరవై రెండేళ్ళ కిందట సీసాలు కడగడానికి చేరింది. చదువుకున్నవాళ్ళు పెంచిన మేక కణాలు చచ్చిపోతుంటే, ఈమె చేతిలో మాత్రం బతికేవి. అందుకని ఆ పని ఈమెకే అప్పగించారు. పలక లాంటి సీసాల్లో కణాలు పెంచడం, రోజు విడిచి రోజు వాటికి తిండి కలిపిన గులాబీ రంగు నీళ్ళు మార్చడం. వాటిని 'పిల్లలు' అంటుంది. దీపావళికి ఇంటికి వెళ్ళకపోయినా ఫరవాలేదుగానీ పిల్లల నీళ్ళు మార్చకుండా ఉండలేదు.

కొత్తగా వచ్చిన డాక్టర్ లోహనీ చిన్నపిల్లే, గట్టిది. మేకల మహమ్మారి వైరస్ కణం లోపల ఎలా తయారవుతుందో, ఎలా కదులుతుందో కళ్ళారా చూడాలని ఆమె పట్టుదల. టీకాలో వాడే బలహీనమైన వైరస్‌కే పచ్చగా మెరిసే గుర్తు తగిలించి, ఖష్టీ దీదీ పిల్లల్లోకి వదిలేది.

"లోపల ఏం జరుగుతుంది దీదీ?" అని నేనొకసారి అడిగాను.

"దొంగల పెళ్ళే! వైరస్ ఒట్టి చేతుల్తో వస్తుంది, వచ్చి కణం చేతే తన సామానంతా చేయించుకుంటుంది. గింజ ఒక మూల తయారవుతుంది, పైన తొడిగే ముళ్ళు ఇంకో మూల. కణంలో దారాల్లాంటి దారులుంటాయే, వాటి మీద మన కంచరగాడిదలు మూటలు మోసినట్టు మోసుకుని అంచుకి చేరతాయి. అక్కడ అన్నీ కూడుకుని, కణం గోడనే శాలువాలా కప్పుకుని బయటపడతాయి. తిన్న ఇంటి దుప్పటే కప్పుకుపోతుంది, సిగ్గులేనిది!"

తన ఫోనులో చూపించింది కూడా. పచ్చటి చుక్కలు ఆగుతూ, పరుగెడుతూ, ఎదురొచ్చినదాన్ని తప్పుకుంటూ. అచ్చం సంతరోజు మా బాటలాగే ఉంది.

పుష్యం రాగానే ఆ చుక్కలు నిలిచిపోయాయి. వారమంతా అంతే. డబ్బా తీసి చూస్తే ఒక్కటీ కదలదు. వెలుగు ఎక్కువసేపు పడితే మెరుపు మాసిపోతుందని వాళ్ళు పది నిమిషాలకన్నా ఎక్కువ చూడరు. ఎల్లుండి ఇదంతా చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. ఆ పొద్దున ఖష్టీ దీదీ నిమ్మకాయ వొలవలేదు.

"నా పిల్లలు ముసలివైపోయాయట చెల్లీ. ఇవాళ కూడా కదలకపోతే కణాలు బయట్నుంచి తెప్పిస్తారట. నన్ను మళ్ళీ సీసాల దగ్గరికి పొమ్మంటారు."

ఆమెకి చోటిద్దామని చాప జరిపాను. డబ్బా అడ్డొచ్చింది. మెరిసే కణాలకి ఎండ తగలకూడదని ఆమె ఎప్పుడూ దాన్ని గోడ నీడన పెడుతుంది. పుష్యంలో ఆ నీడలో మధ్యాహ్నందాకా మంచు కరగదు. డబ్బా పట్టుకోగానే వేళ్ళు కొంకర్లు పోయాయి.

మనం ఎండలో కూర్చుంటే వెచ్చగానే ఉంటుంది. డబ్బా మాత్రం మంచులో కూర్చుంటోంది. అదీ నా కోసం. చెబితే రేపట్నుంచి ఆమె ఈ ముంగిట్లో ఆగదు. ఒక్క క్షణం నోరు నొక్కుకున్నాను. అబద్ధమెందుకు, ఇంకో క్షణం కూడా.

"దీదీ, నీ పిల్లలకి ముసలితనం కాదు. చలి. ఇక్కడ ఆగకుండా నేరుగా తీసుకుపో."

ఆమె డబ్బా పట్టుకుంది. నా మొహం చూసింది. నుదురు కొట్టుకుంది.

"ఇరవై రెండేళ్ళ సర్వీసు! బలికి పోయే గొర్రెకైనా ఇంతకంటే తెలివి ఉంటుంది!" అని, డబ్బాని స్వెటర్ లోపలికి దూర్చుకుని, కడుపుతో ఉన్నదానిలా పొట్ట పట్టుకుని కిందికి పరుగు తీసింది.

నేను లోపలికి వచ్చి మినప్పప్పు రుబ్బడం మొదలుపెట్టాను. ఎండ పోకముందే వడియాలు పెట్టుకోవాలి, లేకపోతే పిండి పులుస్తుంది. దోసకాయ తురిమి కలిపాను. గుడ్డ పరిచాను. మొదటి ముద్ద చేతిలోకి తీసుకున్నానో లేదో, బాట కింద నుంచి కేక.

"చెల్లీ! ఒసే చెల్లీ! పరుగెడుతున్నాయే!"

కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. రొప్పుతూ చెప్పింది. డబ్బాని ఇరవై నిమిషాలు వెచ్చబెట్టి, అప్పుడు చూశారట. చలికి కణంలో దారులు కరిగిపోతాయట, వెచ్చబడగానే మళ్ళీ కట్టుకుంటాయట. దారి లేక మూటలన్నీ నడిమధ్య కూలబడ్డాయి, అంతే.

"లోహనీ పిల్ల ఏమందో తెలుసా? ఎల్లుండి పెద్దవాళ్ళకి నువ్వే చూపించు దీదీ, కణాలూ నీవే అంది. నేనన్నాను, చూపిస్తా, కానీ డబ్బా నీకిచ్చేసి అరగంట మా చెల్లి దగ్గరికి పోతా, అడ్డుపెట్టకు అని."

"రెండుసార్లు ఎక్కి దిగుతావా ఈ బాటంతా?"

"నీ కాళ్ళా, నా కాళ్ళా? నోరు మూసుకుని జరుగు."

నేను చేతికంటిన పిండి కడుక్కున్నాను. ఫోనులో ఒక చుక్క అంచుదాకా వచ్చి, శాలువా కప్పుకుని, మెల్లగా బయటపడుతోంది. ఇద్దరం తలలు ఆనించి చూశాం. మళ్ళీ మొదట్నుంచి చూశాం. ఎండ సగం గుడ్డ దాటిపోయింది. పక్కింటావిడ గోడ మీదుగా, "పిండి పులుస్తుందమ్మా, వడియాలు పెట్టవా?" అని అడిగింది.

"పెట్టను," అన్నాను.