విత్తనం మడుగులో ఎర్ర చేపలు

మద్రాసులో జరిగే చేపల ప్రదర్శనలో ‘అడవి నీళ్లలో పట్టినవి’ అని వేరే పందెం ఉంటుంది. గాజుతొట్టిలో చేపలు పెంచే పిచ్చి నాకూ, మా బావమరిది సుబ్బయ్యకూ ఉంది. గిద్దలూరు పైన నల్లమల వాగులో ఎర్ర చేపలున్నాయని వాడి చెవిన పడింది. “బావా, ఈసారి పతకం మనదే!” అని గెంతాడు. బయలుదేరాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మార్కాపురం రోడ్డు స్టేషనులో తెల్లవారగానే రైలెక్కాం. కంభం దాటి గిద్దలూరులో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. టిక్కెట్టు తలకు ఆరణాలు. స్టేషను బయట పూటకూళ్లింట్లో జొన్నరొట్టె, గోంగూర పప్పు రెండణాలకే కడుపునిండా పెట్టారు. అక్కడినుంచి అడవి అంచుదాకా ఎద్దులబండికి రూపాయి. బండి దిగాక గంట నడక. చెంచుగూడెం పెద్ద ఈదన్న మమ్మల్ని ఎండిన వాగులో మిగిలిన మడుగు దగ్గరికి తీసుకుపోయాడు.

నిజమే, ఎర్ర చేపలు కుప్పలుగా ఉన్నాయి. సుబ్బయ్య వల విప్పుతుంటే నాకు అనుమానమొచ్చి, ఇవి ఎక్కడివని అడిగాను.

“అడివి బంగళాలో ఒక దొర ఉండినాడు. బదిలీ అయి పోతా గాజుతొట్టి మోసుకపోలేక చేపల్ని ఇందులో కుమ్మరించినాడు, నాయనా. నాలుగేండ్లాయ,” అన్నాడు ఈదన్న. “ఇది మా విత్తనం మడుగు. వాగంతా ఎండినా ఇది ఎండదు. వాన పడి వాగు పారేదాకా మా చేయి ఇందులో పడగూడదు. ఇక్కడ మిగిలిన మా పరిగె చేపలే వాగంతా పిల్లలు పెట్టాల. ఎర్రయి గుడ్లన్నీ మింగతాండాయని తెలిసీ ఊరకున్నాం. కట్టుబాటు గదా! పోయినేడు వాగులో వలేస్తే అన్నీ ఇయ్యే. ముండ్లు తప్ప కండ లేదు. కూట్లోకి చేప ముక్క లేదు.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తొట్టి కడిగిన నీళ్లు పారబోసినట్టు పారబోసి రైలెక్కి పోయాడే, ఆ పెద్దమనిషి! ఆయన చేపల్ని కాపాడింది వీళ్ల కట్టుబాటు. వీళ్ల నోటికాడి కూడు పోయింది.

సుబ్బయ్యకు ఇదేమీ పట్టలేదు. “ఎట్లొస్తే ఏంది బావా? అడవిలో పుట్టి, అడవిలో మేసి, మన వలకు పడితే అడవి చేప కాదా? కొన్ని రంగు మారి నల్లబడినాయి కూడా!” అంటూ ప్రదర్శనకు పంపాల్సిన దరఖాస్తు కాగితం తీశాడు.

ఈదన్న వాడికేసి చూసి, “మీ గేదె తప్పిపోయి అడివిలో ఈనితే, ఆ దూడను అడివిదున్న అంటారా అబ్బీ?” అన్నాడు. తరువాత నావైపు తిరిగి, “కట్టుబాటు మాకు, మీకు లేదు గదా. మీ ఊరోళ్ల చేపలు మీరే పట్టకపోండి,” అన్నాడు.

కాగితం లాక్కుని చించేశాను. సుబ్బయ్య మొహం ముడుచుకున్నా వల పట్టక తప్పలేదు. పొద్దు వాలేదాకా నీళ్లలోనే ఉన్నాం. వెంట తెచ్చిన కడవలు నిండాయి. ఎర్రవీ, నల్లబడ్డవీ పోగా, పరిగెలు మాత్రం మూడే దొరికాయి. వాటిని ముంతలో ఉంచి ఈదన్నకు చూపించాను.

“వీటిలో ఆడది ఉందా, నాయనా? మీరు చేపల సంగతి తెలిసినోళ్లు గదా,” అన్నాడు.

ఇన్నేళ్లు చేపలు పెంచానన్నమాటేగానీ, చెప్పలేకపోయాను. ముంత మెల్లగా మడుగులోకి వంచాను.

కడవల్లో చేపల్ని మార్కాపురం తెచ్చి మా పెరటి తొట్టిలో వేశాం. రోజూ మేత వేస్తూనే ఉన్నాను, రోజూ ఆ దొరను తిట్టుకుంటూనే ఉన్నాను. వలలో పడినంత మాత్రాన ఏదీ అడవిది అయిపోదు, దాన్ని అక్కడ వదిలిన చేయి ఒకటుండవచ్చు. మీరు ఆ వాగుకు పోయేటట్టయితే తొలి వానలు పడి వాగు పారాకే పోండి, విత్తనం మడుగు ఏదో ముందే అడగండి. ఈదన్న కనబడితే, ఆ మూడిట్లో ఆడది ఉందో లేదో కనుక్కుని నాకో కార్డు రాయండి.