పడుగు వస్తాండాది, ఆగండప్పా!

కుళ్ళాయప్ప ఒట్టి చేతులతో రోడ్డు దాటడు. దాటాలంటే భుజం మీద పట్టు పడుగు ఉండాలి, దాని రెండో కొస పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి. "పడుగు వస్తాండాది, ఆగండప్పా!" అని ఒక్క కేక పెట్టి, ఎర్రటి పోగుల కట్టను రోడ్డుకు అడ్డంగా లాక్కుంటూ నడిచాడంటే, ధర్మవరంలో లారీ అయినా సరే కీచుమని ఆగాల్సిందే.

ధర్మవరం సంగతే అంత. మనిషి అడ్డమొస్తే హారన్ కొడతారు, పడుగు అడ్డమొస్తే బ్రేకు కొడతారు. బండి నడిపే ప్రతివాడి ఇంట్లోనో, అత్తగారింట్లోనో ఒక మగ్గం ఉంటుంది. చీర నేయడానికి మగ్గం మీద పొడుగ్గా సాగదీసే ఆ పోగులు తెగితే ఇంట్లో ఎంత రభస జరుగుతుందో వాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మునిసిపాలిటీ వాళ్ళు బస్టాండు రోడ్డు మీద జనం దాటడానికి తెల్లగీతలు వేస్తే, ఆటోవాళ్ళు తమకు స్టాండు చూపించారనుకుని మురిసిపోయి, బండ్లన్నీ తెచ్చి వాటి మీదే పెట్టారు.

"గీత చూసి ఎవడాగుతాడబ్బా? గీత తొక్కితే ఏం తెగుతుంది?" అంటాడు కుళ్ళాయప్ప.

ఈ విద్య ఊరు దాటితే పనిచేయదు. హిందూపురంలో బావమరిది చేతికి ఒక కొస ఇచ్చి పడుగు చాపాడో లేదో, రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీస్తున్నారనుకుని అంగళ్ళవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకాయన కాఫీ తెచ్చాడు, ఇంకొకాయన వడ తెచ్చాడు. "సార్, మా మెట్లు పోతాయా?" అని అడిగితే, "మెట్లు ఉండనీప్పా, నన్ను ఆ పక్కకు పోనీండి చాలు" అన్నాడు వడ నములుతూ. పెనుకొండలోనైతే ఒక్క బండీ ఆగలేదు. పెళ్ళి ఆ పక్క, ఈయన ఈ పక్క. అక్షింతలు ఇక్కణ్ణుంచే విసిరేసి తిరుగు బస్సెక్కాడు.

ధర్మవరంలో రెండో కొస పట్టుకునే మనిషి సావిత్రమ్మ.

ఆమె రోడ్డుకు అవతల ఒక షావుకారు దగ్గర, మగ్గం మీది పాత పోగులకు కొత్త పోగులు అతికే పని చేస్తుంది. ఆ పనికి ఆమె వేళ్ళు చాలు, కళ్ళతో అవసరం లేదు. రోడ్డు దాటడానికి మాత్రం వేళ్ళు చాలవు. కొంతకాలంగా ఆమెకు బండ్లు మసక మసకగా కనిపించి, మీదికొచ్చేశాక గానీ బండ్లని తెలియడం లేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే షావుకారు ఇంటిపట్టునే ఉండమంటాడు. ఆ ఇంట్లో ఒక గది, ఒక స్టవ్వు, మొగుడి ఫోటో తప్ప పలకరించే దిక్కు లేదు. పని లేని ఆదివారం ఆమె నోరు తెరిచేది ఆవులింతకే. ఆదివారమంటే ఆమెకు భయం.

అందుకే కుళ్ళాయప్ప మొదటిసారి "అక్కా, ఈ కొస కొంచెం పట్టుకుంటావా, షాపులో ఇచ్చి రావల్ల" అన్నప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆయన అవతలికి పోయి పోగులు బిగించి పట్టుకుంటాడు. ఆమె వాటిని చుట్టుకుంటూ వెనకే నడుస్తుంది. బండ్లన్నీ రెండు పక్కలా చేతులు కట్టుకున్నట్టు నిలబడతాయి.

అయితే వేళ్ళకు తెలియకుండా ఉంటుందా? రోజూ అదే పడుగు, అదే చోట అదే ముడి.

"ఏమప్పా, ముడి ఉండాది ఈడ. నిన్నా ఉన్నింది."

"ఇది కొత్త పడుగక్కా. దీనికీ ఆడనే పడింది, ఏం చేద్దాం?"

ఆమె పోగులు చుట్టుకుంటూ నడిచేది. పాపం, పెళ్ళాం పోయింది, మగ్గం అమ్మేశాడు, పడుగు మోయకపోతే పొద్దు పోదు కాబోలు అనుకునేది. తాను లేకపోతే ఈ పిచ్చి మారాజుకు కొస పట్టేవాళ్ళు ఎవరని జాలిపడేది.

ఒకరోజు కుళ్ళాయప్ప రాలేదు. సావిత్రమ్మ రోడ్డు పక్కన నిలబడి ఒక అడుగు వేసింది. ఏదో రయ్యిమని ముక్కు ముందర నుంచి పోయింది. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. షావుకారు ఇంటిపట్టునే ఉండమన్నట్టు, ఆదివారం ముందే వచ్చేసినట్టు అనిపించింది.

టీ అంగడి అమర్‌నాథ్ పరుగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, పా, నేను దాటిస్తా. ఆయనకు మోకాలు వాచింది."

"మరి ఆయన పడుగు షాపుకు ఎట్ల పోతుంది?"

"ఏం షాపు పెద్దమ్మా? నిన్ను ఆ పక్క దించి, ఆడ ఎవరికో ఒక కొస ఇచ్చి మల్లా ఈ పక్కకే వచ్చి, నా దగ్గర టీ తాగి ఇంటికి పోతాడు. ఆ పక్క ఆయనకేం పని? నువ్వు ఒకదినం ఆటో కింద పడబోయినావంట కదా, అది చూసి ఆ పడుగు బయటికి తీసినాడు. కండ్ల సంగతి మాత్రం నీ ముందర ఎత్తొద్దని ఒట్టు..."

అమర్‌నాథ్ నాలుక కరుచుకున్నాడు. సావిత్రమ్మకు మొదట కోపమొచ్చింది. తర్వాత, తాను ఆయన మీద పడిన జాలంతా గుర్తొచ్చి సిగ్గేసింది. రోజూ ఒక మనిషి తన కోసం కాచుకుని ఉన్నాడని అర్థమయ్యాక గుండె నిండింది. అమర్‌నాథ్ చెయ్యి పట్టుకుని దాటిందే గానీ, చేతిలో పడుగు లేక ఒక్క బండీ ఆగలేదు. ఇద్దరూ రెండుసార్లు వెనక్కి ఉరికారు.

మోకాలు తగ్గి కుళ్ళాయప్ప వచ్చేసరికి ఆమె ముందే నిలబడి ఉంది.

"కొత్త పడుగక్కా. నిన్ననే తెచ్చినా."

"ఊ. ముడి మాత్రం పాతదే."

దాటారు. అవతల ఆయన చెయ్యి చాపితే ఆమె కొస వదల్లేదు.

"ఇయ్యక్కా, షాపులో ఇచ్చి వస్తా."

"ఇస్తువులే. ఆ మోకాలితో ఒక్కనివే ఎట్ల వెనక్కి పోతావు? పా, ఈ కొస నేను పట్టుకుంటా."

"మల్లా నువ్వెట్ల వస్తావు?" అనేసి, గతుక్కుమన్నాడు.

"నువ్వుండావు కదప్పా."

వెనక్కి దాటారు. ఆయన మళ్ళీ ఆమెను దించడానికి బయల్దేరాడు. రెండు పక్కలా బండ్లు బారులు తీరాయి. ఆగిన బస్సులోంచి డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఏమప్పా, ఈ పడుగు అయిపోయేది ఉండాదా లేదా?"

కుళ్ళాయప్ప నోరు తెరిచేలోపే సావిత్రమ్మ అందుకుంది.

"ఇప్పుడే కదా నాయనా మొదలుపెట్టింది!"