పప్పు ఉడికే ఇల్లు

కోయిలకుంట్లలో మేమున్న వీధిలో ఒక సౌకర్యం ఉండేది. మా ఇంట్లో ఆ పూట ఏం కూరో మాకంటే ముందు ఎదురింటి వాళ్లకు తెలిసేది. సంచిలోంచి మునక్కాయ కొస ఒక్కటి బయటికి కనపడితే చాలు, నేను గడప ఎక్కేలోపు ముగ్గురు అడిగేవాళ్లు, "ఈపొద్దు మునక్కాయ పులుసా?" అని. అవునంటే, "మొన్న బేస్తవారం కూడా అదే గదమ్మా" అని నాలుగో ఆమె లెక్క తేల్చేది. పదమూడేళ్లు ఆ వీధిలో కాపురం చేశాను. అందుకే నన్ను కర్నూలు జూనియర్ కాలేజీకి బదిలీ చేశారని కాగితం రాగానే స్టాఫ్ రూములో అందరికీ బాదుషాలు పంచాను. వెళితే పెద్ద కాలనీకే వెళ్లాలనుకున్నాను. దానికి గేటుండాలి, గేటుకు వాచ్‌మెన్ ఉండాలి, పక్కింటి వాళ్లకు నా కూర కాదు కదా, నా పేరు కూడా తెలియకూడదు.

మా ఆయనది డ్రిప్పు పైపుల వ్యాపారం. ఫోనుంటే చాలు, ఎక్కడున్నా ఒకటే. మా పాపకు ఐదో తరగతి, బడి మారడమంటే దానికి సరదా. చిక్కంతా మా అత్తతో వచ్చింది.

అత్త లేకుండా మా ఇల్లు నడవదు. మర్యాదకు అంటున్న మాట కాదిది. నాకు వంట రాదు. నేను వండిన రోజు మా పాప కంచం వైపు చూడదు, నా వైపు చూస్తుంది, జాలిగా. వంట సంగతి పక్కన పెట్టినా, కాలేజీ నుంచి వచ్చాక ప్రిన్సిపాలును తిట్టుకోవడానికి నాకున్న ఒకే ఒక్క మనిషి ఆమె. నేను మొదలుపెట్టేలోపే ఆమె "ఆ మూతి వంకరోడు ఈపొద్దేమనె?" అని అందుకునేది. అలాంటి మనిషి, బదిలీ కాగితం చూసి, ఒకే ఒక్క షరతు పెట్టింది.

"పప్పుడికే నీళ్లుండే ఇంటికైతే వస్తా. లేదంటే కమలాపురం పోతా, నా బిడ్డ కాడికి. ఆడ నీళ్లు బాగుండాయి."

మా వైపు ఇల్లు చూడడమంటే గదులు చూడడం కాదు, నీళ్లు చూడడం. నీళ్లు చూడడమంటే తాగి చూడడం కూడా కాదు. నాలుకను నమ్మకూడదనేది అత్త. తాగేందుకు తియ్యగా ఉన్న బోరు నీళ్లు కూడా కందిబ్యాళ్ల దగ్గరికి వచ్చేసరికి మొండికేస్తాయి. గంటసేపు మంట పెట్టినా పప్పు రాళ్లలాగే ఉంటుంది. అందుకని ఇల్లు చూడను పోయిన ప్రతిచోటా కొళాయి నీళ్లు ఒక సీసా పట్టుకొచ్చి, ఇంట్లో ఆ నీళ్లతో పిడికెడు పప్పు ఉడకేసి, అది మెత్తబడితేనే ఆ ఇంటి మాట ఎత్తేవాళ్లు. అత్త తన పెళ్లైన కొత్తలో అద్దె ఇల్లూ అలాగే ఎంచిందట. కుక్కరు సంగతి ఎత్తితే, "కుక్కర్లో పెడితే చెప్పులు కూడా ఉడుకుతాయి" అని కొట్టిపారేసేది.

ఒక ఆదివారం మా ఆయన కారులో ముగ్గురం కర్నూలుకు పోయాం. అత్త ఒళ్లో చేతిసంచి, అందులో రెండు స్టీలు సీసాలు. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పచ్చ దారం.

మొదటి ఇల్లు పాతూర్లో, సందులో. ఇంటామె కిందే ఉంటుంది. మెట్లెక్కేలోపు ఆమె నన్ను అడిగినవి: జీతమెంత, ఒక్క బిడ్డతోనే ఎందుకు ఆపేశారు, నాకు తల వెంట్రుకలు అప్పటినుంచీ ఇంతేనా, మధ్యాహ్నం ఏం తిన్నారు. అత్తకు ఆమె తెగ నచ్చేసింది. ఇద్దరూ గుమ్మంలో కూచుని అరగంట మాట్లాడుకున్నారు. నాకు మాత్రం కోయిలకుంట్ల వీధి మొత్తం ఒక్క మనిషిలో దూరి నా ఎదురుగా కూచున్నట్టు అనిపించింది. అత్త పచ్చ దారం సీసా నింపుకుంది.

రెండోది హైవే దాటాక, కొత్త కాలనీలో. గేటు దగ్గర రిజిస్టరు. వచ్చిన పని అని ఒక గడి ఉంటే, అత్త చెప్పింది చెప్పినట్టు వాచ్‌మెన్ రాశాడు, 'నీళ్ల కోసం' అని. లోపల రోడ్లకు రెండువైపులా కోనోకార్పస్ మొక్కలు, పిల్లల పార్కు, నడిచేవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక దారి. ఆ దారిలో ఇద్దరు ఆడవాళ్లు నన్ను దాటుకుని వెళ్లారు. నా చేతిలో అరటిపళ్ల సంచి ఉంది. ఎన్ని పళ్లు, ఎంతకిచ్చాడు అని వాళ్లు అడగలేదు. అసలు సంచి వైపే చూడలేదు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చినంత పనైంది.

ఇంటి ఓనరు కాంట్రాక్టర్. ఇల్లు మా చేత తడిమించి మరీ చూపించాడు. "ఇదంతా ఇటలీ బండమ్మా" అన్నాడు.

"మన బేతంచెర్ల బండలేం పాపం చేసినాయప్పా?" అంది అత్త.

ఆయన నవ్వి, జిమ్ము ఉండాది, కెమెరాలు ఉండాయి, కరెంటు పోతే జనరేటరు ఉండాది అని చెప్పుకుపోయాడు. అత్త అంతా విని, "సరే గానీ, రవ్వన్ని నీళ్లియ్యి" అంది. ఆయన ఫ్రిజ్జులోంచి చల్లని నీళ్లు తెప్పించాడు. "తాగేందుకు గాదప్పా, వండేందుకు. కొళాయివి పట్టియ్యి" అని ఎర్ర దారం సీసా తీసి చేతిలో పెట్టింది. కాంట్రాక్టరు ఆ సీసా వైపు చూసి, నా వైపు చూసి, మా ఆయన వైపు చూశాడు. మా ఆయన పైకప్పు లైట్లు లెక్కపెడుతున్నాడు. ఇలాంటి సమయాల్లో ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి లెక్కపెడుతుంటాడు.

తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర వాచ్‌మెన్ నన్ను పక్కకు పిలిచాడు. మంచివాడు. "మేడమ్, పెద్దామె నీళ్లు పట్టుకుంటాంటే చూస్తి. ఈ నీళ్లకు పప్పు ఉడకదు. కాలనీలో అందరూ వంటకు క్యాను నీళ్లే పోస్తారు" అన్నాడు. క్యాను తెప్పించుకుందామని అత్తతో అనే వీలు కూడా లేదు. కొన్న నీళ్లు తాగడమే ఆమెకు కష్టం, ఇక కొన్న నీళ్లతో వండమంటే ఆ మాటకే కమలాపురం బస్సెక్కుతుంది.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. అత్త మొహం కడుక్కోను పోయింది, మా ఆయన చక్రాల్లో గాలి చూపించుకుంటున్నాడు. నేను దిగి, పక్క కొట్లో నీళ్ల బాటిల్ కొన్నాను. ఎర్ర దారం సీసా మూత తీసి, కాలనీ నీళ్లు అక్కడున్న కానుగ చెట్టు మొదట్లో పోసి, కొన్న నీళ్లతో నింపి, మూత బిగించి, సంచిలో పెట్టేశాను. నిమిషం కూడా పట్టలేదు. పరీక్షల డ్యూటీలో పిల్లల జేబులు వెతికే దాన్ని నేను. సిగ్గుండాలి కదా? లేదు. పార్కు పక్కన సంచి ఊపుకుంటూ నడుస్తున్నట్టు ఊహించుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు అత్త రెండు గిన్నెలు పెట్టింది. పిడికెడు, పిడికెడు పప్పు. రెండూ ఉడికాయి. ఒక్కో గిన్నెలోంచి ఒక బద్ద తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి, "నీ కాలనీ నీళ్లు కూడా బాగుండాయి లేమ్మా. నీకు ఆ ఇంటి మీద మనసుండాది గదా, పోదాం" అంది. నా కోసమే ఒప్పుకుంది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఎగిరి గంతేశాను.

కొత్తింట్లో మొదటి వంట. పప్పు ఉడకలేదు.

అత్త పప్పును తిట్టింది. కోయిలకుంట్ల కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడని ఫోన్ చేసి మరీ అడిగింది. "ఏమప్పా, నేను ఊరు ఇడిస్తాననే గదా ఇంత పని చేస్తివి?" కొత్త పప్పు తెప్పించింది. అదీ ఉడకలేదు. అప్పుడు స్టవ్వును తిట్టింది. ఆ నల్ల అద్దం స్టవ్వు మీద మంట చూపుకే గానీ పనికి రాదని, మా పాత ఇనుప స్టవ్వు బయటికి తీయించింది. దాని మీదా ఉడకలేదు. గిన్నెల మీద తెల్ల మరకలు పడితే కొత్త సబ్బును తిట్టింది. అన్నిటినీ తిట్టింది గానీ నీళ్ల జోలికి మాత్రం పోలేదు. ఆ నీళ్లను ఆమె స్వయంగా పరీక్ష చేసింది కదా.

నేనేం చేయాలి? తాగడానికని తెప్పించిన క్యాను నీళ్లు పొద్దున్నే వంటింటి బిందెలో పోసి కాలేజీకి పోయేదాన్ని. పోయాక ఆమె, నిలవ నీళ్లతో వంటేమిటని, ఆ బిందె ఎత్తి ఓనరు పెంచిన రంగురంగుల మొక్కలకు పోసి, కొళాయి తిప్పి 'తాజా' నీళ్లు పట్టుకునేది. ఆ మొక్కలు కాలనీ మొత్తంలోకీ పచ్చగా తయారయ్యాయి. ఓనరు వచ్చి, "అవ్వ చేతిలో ఏముండాదో గానీ..." అని మెచ్చుకుని పోయాడు.

ఆ మాటకు అత్త నవ్వలేదు. నేను అప్పుడైనా గమనించాల్సింది.

మూడో వారానికి ఆమె తిట్టడం మానేసింది. చారు చేసేది, పచ్చడి చేసేది, పప్పు జోలికి పోయేది కాదు. నేను కాలేజీ నుంచి వచ్చి ప్రిన్సిపాలు గురించి మొదలుపెడితే ఊఁ కొట్టేది, అంతే. మూతి వంకరోడి ఊసు ఎత్తలేదు. ఒకరోజు కూరలో ఉప్పు వేసి, గరిటె పట్టుకుని నిలబడి, పాపను పిలిచి, "రుచి చూడమ్మా, నాకు తెల్డం లేదు" అంది. నలభై ఏళ్లుగా చేతి అంచనాతో ఉప్పు వేసిన మనిషి.

ఆదివారం మధ్యాహ్నం చూస్తే మంచం మీద చీరలు మడత పెడుతోంది. మా ఆయన పక్కన నిలబడి ఆ చీరలు లెక్కపెడుతున్నాడు.

"యాడికత్తా?" అన్నాను.

"కమలాపురం. రేపు పొద్దున దిగబెడతాడంట." తలెత్తలేదు. "నా చెయ్యి పోయిందమ్మా. నేను చూసిన నీళ్లే, మన పప్పే. ఆడ ఉడికె, ఈడ ఉడకల్యా. మా అమ్మకు కూడా ఆఖర్న ఇట్లనే మొదలాయె. పొయ్యి కాడ నిలబడి ఏం చేస్తాండానో మరిచిపోయేది. వండేది కూడా రానిదాన్ని, నీకు ఈడ బరువు తప్ప ఏం పనికొస్తా?"

పప్పు ఉడకకపోతే ఇల్లు మారదామని పోరుతుందని భయపడ్డాను గానీ, ఆమె తన చేతినే అనుమానిస్తుందని నాకు తట్టనే లేదు. ఇన్ని రోజులూ ఈ మనిషి ఈ ఇటలీ బండల మీద ఒంటరిగా కూచుని తనకు మతి పోతోందని భయపడుతుంటే, నేను పార్కులో సంచి ఊపుకుంటూ తిరిగాను. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పేశాను.

"నీ చెయ్యి కాదత్తా, నీళ్లు."

"నీళ్లు నేను చూసినవే గదా."

"నువ్వు చూసినవి ఈ నీళ్లు కావు. బంకు కాడ నేను మార్చేసినా."

చేతిలో చీర అలాగే ఉండిపోయింది. తలెత్తి అడిగింది, "ఈడ పట్టిన నీళ్లు యాడ పోస్తివి?"

"ఆడున్న కానుగ చెట్టుకు."

"చెట్టు బతికిందా?"

మా ఆయన ఫక్కున నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. అంతవరకూ ఎలా ఆపుకుందో గానీ, అత్త అందుకుంది. ముందు ఆయన్ను, తర్వాత నన్ను, తర్వాత మా ఇద్దరికీ పెళ్లి చూపులు చేసిన వాళ్లను, పాఠాలు చెప్పే దానికి అబద్ధాలు చెప్పడం నేర్పిన సర్కారును, ఒక్కొక్కరినీ వరుసబెట్టి తిట్టింది. "ముండమోపిదానా, ఇరవై దినాలు నా చేతిని నేను చూసుకుని ఏడిస్తిని గదే!" అంది. ఇల్లు మోగిపోయింది. నడిచే దారిలో పోయే వాళ్లు ఆగారు. ఆ కాలనీలో మనుషులు ఒక ఇంటి ముందు ఆగడం నేను చూడడం అదే మొదలు. ఆమె నన్ను తిడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

తిట్టడం అయ్యాక లేచి, కొంగు బిగించి, "తే ఆ క్యాను" అంది. పిడికెడు పప్పు పెట్టింది. ఎవరినీ వంటింట్లోకి రానివ్వలేదు. గుమ్మం బయట ముగ్గురం నిలబడ్డాం. కాసేపటికి ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నొక్కింది. అది వెన్నలా నలిగిపోయింది. ఆ వేళ్లు మాకు చూపించి, తర్వాత అటు తిరిగి నిలబడింది. భుజాలు కదలడం కనపడింది గానీ, దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

కమలాపురం పోలేదు. శిక్ష మాత్రం వేసింది. నీళ్ల క్యాను గేటు దగ్గర దింపించుకుని వంటింటి దాకా నేనే మోయాలి. రోజూ మోస్తున్నాను. చంకలో క్యానుతో నడుస్తుంటే, ఆ నడిచే దారిలో ఆడవాళ్లిద్దరూ ఇప్పుడు ఆగి మరీ అడుగుతారు, "ఏం పప్పు మేడమ్ ఈరోజు?" అని. దోసకాయ పప్పో, చుక్కాకు పప్పో చెప్తాను. తిట్లు విన్నాక ఇక దాచడానికి ఏం మిగిలింది?

ఇదంతా నాకు పెద్ద బాధేమీ కాదు. కానీ ఆ రోజు నుంచి ఒక అలవాటు వచ్చింది మా అత్తకు. కంచంలో పప్పు వడ్డించి, గరిటె పట్టుకుని నా పక్కనే నిలబడుతుంది. "ఉడికిందా?" అంటుంది. నేను ఒక బద్ద తీసి, రెండు వేళ్ల మధ్య నొక్కి, ఆమెకు చూపించి, "ఉడికిందత్తా" అనాలి. అన్నాకే గిన్నె పొయ్యి దగ్గరికి తీసుకుపోతుంది. కోయిలకుంట్లలో పదమూడేళ్లు ఆమె చేతి వంట తిన్నాను. ఉడికిందా అన్న మాట ఆమె ఎవరినీ అడగ్గా వినలేదు.