సగం మాత్ర

అమెరికాలోని హెర్న్‌డన్‌లో, మా పక్కింట్లో కూతురి దగ్గరికొచ్చిన అంకుల్ అనగానే నాకు ఆయన బొటనవేలి గోరు గుర్తొస్తుంది. మనవరాలి పుట్టినరోజు చూసి వెళ్దామని ఆయన తిరుగు ప్రయాణం వాయిదా వేసుకున్నారు. ఇండియా నుంచి తెచ్చుకున్న బీపీ మాత్రలు అందాకా సరిపోవాలని, ఆ గోటితో విరిచి రోజూ సగమే వేసుకునేవారు.

"తలనొప్పే లేదు కదమ్మా, సగం చాల్లే!" అనేవారు నాతో.

పేకాటలో పడిన ప్రతి ముక్కా గుర్తుంచుకునే మనిషి, ఒక సాయంత్రం ఆట మధ్యలో ఆగిపోయారు.

"తాతా, యువర్ టర్న్!" అంది మనవరాలు.

"ఏం ఆట ఇది?" అన్నారు.

బీపీ మిషన్‌లో అంకె చూసి, వాళ్లమ్మాయి ఆస్పత్రికి కారు తీసింది. బీపీని ఇలాగే వదిలేస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకాలు పోవచ్చన్నారు డాక్టర్.

ఇంటికొచ్చాక వాళ్లమ్మాయి మాత్ర చేతిలో పెడితే, గోరు దాని మీదికే వెళ్లింది. ఆయన మనవరాలి మొహంలోకి చాలాసేపు చూసి, మాత్రను విరవకుండా మింగారు.