వంకర సకినాల ఆర్డరు

మా అక్క జనగామలో సకినాలు చేసి అమ్ముతుంది. ఒక ఆదివారం ఊరికే నాలుగు తినిపోదామని వెళ్లి, వ్యాపారమంటే ఏమిటో కళ్లారా చూసి, ఇప్పటికీ తేరుకోలేకపోతున్న మనిషిని నేను. అప్పటిదాకా సకినం గురించి నాకున్న జ్ఞానం పళ్లెంలో మొదలై పొట్టలో ముగిసేది.

అక్క ఇల్లు ఇల్లులా లేదు. ముందు గది నిండా నానబెట్టి వడకట్టిన బియ్యం ఆరుతున్నాయి. అడుగు పెట్టే జాగా లేక గోడకు బల్లిలా అంటుకుని నడిచాను. మధ్య గదిలో పిండి జల్లిస్తున్నారు. అక్కడ ఒక్కసారి తుమ్మేసరికి నా మీసం తెల్లబడింది. అదెప్పుడో తెల్లబడిందని గిట్టనివాళ్లు అంటారు, పట్టించుకోకండి. వరండాలో పరిచిన బట్టల మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని సకినాలు చుడుతున్నారు. పెరట్లో పొయ్యి మీద మూకుడు, అందులో ఓ బర్రె హాయిగా మునిగి తేలవచ్చు.

"నాలుగు సకినాలకు ఇంత తతంగమా అక్కా?" అన్నాను.

"మరేమనుకున్నవ్ తమ్మీ? చెట్టుకు కాస్తయనుకున్నవా? బియ్యం సరిగ్గ ఆరకపోతే సకినం నూనెల పేలుతది. పిండిల గడ్డున్నా పేలుతది."

అంటే ముందు గదిలో ఒకరు కునుకు తీస్తే, పెరట్లో ఇంకొకరి చెయ్యి కాలుతుందన్నమాట. ప్రతి చెయ్యీ బియ్యాన్ని అందుకుని, కాస్త విలువ పెంచి పక్క చేతికి అందిస్తోంది. ఆ వరుసలో ఏ పనీ చెయ్యకుండా విలువ తగ్గిస్తున్న చెయ్యి నాదొక్కటే. సకినం మీద సకినం నోట్లో వేసుకుంటున్నాను.

అంతలో టేకుమట్ల నుంచి ఒకామె వచ్చింది. భూపాలపల్లి జిల్లా నుంచి రెండు బస్సులు మారి, సకినాల కోసం జనగామకు! మా అక్క కీర్తి అంత దూరం పాకిందా అని నేను ఛాతీ విరుచుకునేలోపే ఆమె సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది.

లోపల ఉన్నవి చూసి అదిరిపోయాను. ఒకటి గుడ్డులా ఉంది, ఒకటి చెవిలా ఉంది, ఇంకొకటి మా ఊరి పంచాయతీ రోడ్డులా ఎటు మొదలై ఎటు పోతుందో తెలియకుండా ఉంది.

"గివి ఎవలు చేసిండ్రమ్మా, పాపం?" అన్నాను.

"నేనే అన్నా."

నోట్లో సకినం నోట్లోనే ఆగిపోయింది.

"సరిగ్గ గిట్లనే కావాలె అక్కా," అన్నదామె మా అక్కతో. "జర్రంత కూడ మంచిగ ఉండొద్దు."

ఆమె చెప్పిన సంగతి ఇది. కూతురి పెండ్లి. వరుడు మరిపెడలో ఉంటున్న సొంత మేనత్త కొడుకే. పిల్లతో సారె పంపాలి, సారెలో తల్లి చేతి సకినాలుండాలి. కానీ ఏడాదిగా ఆమె కుడి చెయ్యి వణుకుతోంది. దవాఖానలో గోలీలిచ్చారు, వణుకు తగ్గలేదు. పిండి వేళ్ల మధ్య నిలవడం లేదు. డబ్బాలోవి వణుకు రాకముందు చుట్టినవాటిలో మిగిలినవి.

"బిడ్డ పట్నంల కొలువు చేస్తది. దానికి తెల్వదు. తెలిసిందా, పెండ్లి ఆపుతది. అమ్మను చూసుకుంటనని నా కాడనే కూసుంటది. పెండ్లయినంక నేనే చెప్త."

"టేకుమట్లల ఎవరితోనన్న చేయించుకుంటే అయిపోవు గదా?" అన్నాను.

"చుట్టేటోళ్లకు చేతులే కాదు, నోరు గూడ ఉంటదన్నా."

ఆమె బస్సులు మారింది రుచి కోసం కాదు, దూరం కోసం. దూరాన్ని కూడా సరుకులాగా కొనుక్కోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"పిల్లకు అత్తయ్యే మా ఆడబిడ్డ, తన పెండ్లికి ముందు ఏటేటా నా పక్కన కూసొని చుట్టేది," అన్నదామె. "నా చెయ్యి ఎట్లుంటదో ఆమెకు బాగ ఎర్క. మీరు అందంగ చేసిస్తే నేను దొరికిపోత."

అక్క ఆ డబ్బాలోంచి ఒకటి తీసి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు వెలుగుకు పట్టింది. "ఈమె ఎడమకు తిప్పుతది. ఆఖరి సుట్టు కాడ తొందర పడ్తది. కొస అంటియ్యక ఇడిసిపెడ్తది," అని తేల్చి, ఆర్డరు ఒప్పుకుంది.

అసలు గొడవ వరండాలో మొదలైంది. అక్కడ చుట్టేవాళ్లలో పెద్ద చెయ్యి ఒక అవ్వది. ఆమె చుట్టిన సకినం పక్కన పెడితే పున్నమి చంద్రుడు కూడా కాస్త సొట్ట పోయినట్టు కనిపిస్తాడు.

"వంకరగ చుట్టాల్నా? నేనా?" అన్నది అవ్వ. "నా పేరు ఖరాబైతది. నేను చుట్ట."

బతిమాలితే చుట్టింది. అక్క వచ్చి చూసి తల అడ్డంగా ఊపింది. "అన్నీ ఒక్కతీరు వంకరున్నయే అవ్వా! మిషన్ల చేసినట్టున్నయ్."

మంచి సరుకును వెనక్కి పంపే వ్యాపారం ఎక్కడైనా ఉందా? ఆ రోజు అక్క ఇంట్లో అదే జరిగింది. తిరగ్గొట్టిన సకినాలన్నీ మూకుట్లో వేగి నా పళ్లెంలోకి వచ్చాయి కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. చివరికి అక్కే ఉపాయం కనిపెట్టింది.

"అవ్వా, మొన్న నీ కోడలు ఏమన్నదో జర చెప్పుకుంట చుట్టరాదే."

అంతే! అవ్వ నోరు కోడలి మీదికి పోయింది, చెయ్యి దాని దారిన అది పోయింది. సకినాలు ఎడమకు తిరిగి, చివర్లో తొందరపడి, కొసలు విడిచిపెట్టి, అచ్చం టేకుమట్ల సకినాలై లేచాయి. పక్కవాళ్లూ తమ తమ కోడళ్లను అందుకున్నారు. ఆ పూట జనగామలో కోడలన్న ప్రతి ఆడదానికీ పొలమారి ఉంటుంది.

బుట్టల్లో గడ్డి పరిచి, దొంతరలు పేర్చి, పెండ్లినాటికి నా కారులో టేకుమట్లకు తీసుకుపోయాం. అక్క వెనుక సీట్లో బుట్టలను బాలింత బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎడ్లబండ్లు మమ్మల్ని దాటిపోయాయి. ఒకచోట మేకలు కూడా దాటిపోయాయి. పెండ్లివాళ్ల వ్యానులో వేస్తే విరుగుతాయని ఆ తల్లి మమ్మల్నే, జనగామ చుట్టాలని చెప్పి, పెండ్లయ్యాక మరిపెడ దాకా వెంట తీసుకుపోయింది.

మరిపెడలో సారె బుట్టలు చాప మీద దించారు. చుట్టూ ఆడవాళ్లు. పిల్ల మేనత్త వచ్చి కూర్చుంది. ఆమె గొంతు ఎంత పెద్దదంటే, ఆమె 'ఊ' అంటే మార్కెట్లో మిరప బస్తాలు సర్దుకుని కూర్చుంటాయి. ఒక సకినం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. పిల్ల తల్లి కుడి చెయ్యి కొంగు కింద ఉంది. పక్కనే కొత్త పెండ్లికూతురు. మా అక్క నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే, నా గడియారం ఆగిపోయిందనే అనుకున్నాను.

"అబ్బో!" అన్నది మేనత్త, మానుకోట దాకా వినబడేటట్టు. "ఎన్నేండ్లొచ్చినా మా వదినె చెయ్యి మారలే! గీ వంకర ఇంకెవలికొస్తది?"

అందరూ గొల్లున నవ్వారు. "మా అమ్మ సకినాలు చూడనీకి కాదత్తా, తిననీకి!" అన్నది పిల్ల. అందరూ నవ్వడం ఆపాక తల్లి నవ్వింది.

మేము బయలుదేరుతుంటే మేనత్త ఒక్కతే కారు దగ్గరికి వచ్చింది. ఆ గొంతులో గుసగుస కూడా ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"మా వదినెకు జనగామల చుట్టాలు లేరని నాకెర్క. మంచిగ చేసిండ్రక్కా. ఒక్కటే తప్పువోయింది. గిది మా వదినె పాత చెయ్యి. లగ్గం పెట్టుకున్ననాడు చూసిన, చాయ గిలాస పట్టలేకపోయింది. ఇప్పుడామె గింత మంచిగ యాడ చుడ్తది?"

తీయబోయిన కారు తలుపు వదిలేశాను. మా అక్క మాత్రం గిరాకీతో మాట్లాడినట్టే మాట్లాడింది. "మరి పిల్లకు?"

"మెల్లగ నేనే చెప్త. నాకు తెలుసన్నది మా వదినెకు తెల్వద్దు, సిగ్గుపడ్తది. పిల్ల శ్రీమంతానికి మా వదినె మల్ల మీ తానికే వస్తది. మా తోడికోడండ్లు గూడ ఆ గిలాస సంగతి చూసిండ్రు. ఈసారికైతే నా నోటితోటి వాళ్ల నోళ్లు మూసిన. మల్ల గూడ గింత మంచిగుంటే అనుమానపడ్తరు."

"ఇంకెంత వంకరుండాలె?" అడిగింది అక్క.

మేనత్త కారు తలుపు మీది దుమ్ములో వేలితో ఒక సకినం గీసింది. ఎడమకు తిప్పింది. మధ్య మధ్య వేలును తనే వణికించింది. గీసినంతసేపూ పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది. తర్వాత లోపలికి పోయి, ఎవరినో పెద్ద గొంతుతో కేకలేసింది.

అక్క వంగి ఆ గీతను చాలాసేపు చూసింది.

"కారు కడగకు తమ్మీ," అన్నది. "పోయినంక అవ్వకు చూపియ్యాలె."