వంద గంటల ఆట

ఏదన్నా కొనేటప్పుడు నా బుర్ర తక్కెడ అయిపోతుంది. నారాయణఖేడ్ అంగడిలో నాయిన వెనుక సంచి పట్టుకొని తిరిగి తిరిగి అంటుకున్న రోగం అది. మిరపకాయలు తూచినాక పైన ఇంకో గుప్పెడు కొసరు పడందే నాయిన సంచి మూతి ముడిచేవాడు కాదు. నిండా రావాలె, అంతే ఆయన లెక్క. మంచివా, పుచ్చువా అన్నది ఇంట్లో అమ్మ తేల్చుకోవాల్సిన సంగతి.

జిరాక్స్ దుకాణం పెట్టుకొని చేతిలో నాలుగు పైసలు ఆడినాక, అదే తక్కెడతో వీడియో గేములు తూచడం మొదలుపెట్టాను. ధరను గంటలతో భాగించేవాణ్ణి. ఎనిమిది వందలకు ఎనభై గంటల ఆట వస్తే గంటకు పది రూపాయలు. కొనొచ్చు. సేల్ పెట్టినప్పుడల్లా కొన్నాను. వాళ్లకది అమ్మకం, నాకది నమ్మకం. వాటిలో సగం మొదటి గంట దాటలేదు. గుర్రాల ఆటలో నాకు గుర్రం ఎక్కడమే రాలేదు. క్రికెట్ ఆటలో నేను బ్యాటు ఎత్తేలోపల వికెట్లు లేచేవి. కొన్నది కొండంత, ఆడింది ఆవగింజంత. అయినా పెద్దగా బాధ ఉండేది కాదు. గంటలు ఎక్కడికి పోతయి, ఎప్పుడో ఒకప్పుడు ఆడొచ్చు అనుకునేవాణ్ణి.

టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె మాత్రం నాది కాదు, తమ్ముడిది. హైదరాబాద్‌లో సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో నాలుగేళ్లు పనిచేశాడు. ఎవరో ఇక పనికిరాదని వదిలేసిన పెట్టెను బాగుచేసుకొని ఇంటికి తెచ్చుకున్నాడు. దాంతోపాటు పాడైపోయిన రెండు కిడ్నీలనూ తెచ్చుకున్నాడు. వాటిని బాగుచేయడం వాడికీ తెలియదు, దవాఖానకూ తెలియలేదు. వయసు ఇరవై తొమ్మిది. వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పండుకుంటే మరునాడు పొద్దెక్కేదాకా తల ఎత్తేవాడు కాదు. మిగిలిన పూటల్లో, సూదులు గుచ్చే ఎడమ చెయ్యి తిమ్మిరెక్కకపోతే, ఓ గంట ఆడేవాడు.

ఒకనాడు ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. "అన్నా, గీ ఆట చూడు."

అందులో ఒక ముసలాయన రేడియో రిపేరు దుకాణం. చెడిపోయిన సామాను ఒకటొకటి విప్పి బాగుచేస్తుంటే, తెచ్చినవాళ్ల కథలు తెలుస్తుంటాయి. వాడి పనే కదా. కళ్లలో చాలా రోజులకు కాస్త తడి, మెరుపు.

"ఎన్ని గంటలుంటది?" అన్నాను.

"నాలుగంట."

"ఎంత?"

"తొమ్మిది వందలు."

"నాలుగు గంటలకు తొమ్మిది వందలా? ఏంది తమ్మీ, గది ఆటనా, లాడ్జి కిరాయా?"

వాడు నవ్వలేదు. "కథ అయిపోతదన్నా గది. ఆఖరుదాక ఆడొచ్చు," అన్నాడు.

ఆ మాట చెవిలో పడింది కాని తక్కెడలో పడలేదు. నేను ఇంకా మంచి బేరం వెతికాను. అదే తొమ్మిది వందలకు వంద గంటల ఆట సేల్‌లో ఉంటే కొన్నాను. రాజ్యం పోగొట్టుకున్న ఒక రాజు కథ. ఇంట్లో నెట్ చాలదని గేమ్ పెట్టెను సంచిలో పెట్టి బండి మీద దుకాణానికి తీసుకెళ్లాను. ఆటంతా దిగడానికి రెండు రోజులు పట్టింది. ఆధార్ జిరాక్స్‌కు వచ్చిన మనూర్ పెద్దమనిషి ఒకాయన గీత నింపుకుంటూ పోతున్న స్క్రీన్ చూసి, "గిది ఏం సర్టిఫికెట్ సార్?" అని అడిగాడు. తమ్ముడి కోసం పెద్ద పని చేస్తున్నట్టు నాకు ఛాతీ ఉబ్బింది.

వాడు ఆట తెరిచాడు. "మంచిగున్నదన్నా," అని మొదలుపెట్టాడు. రాజు రాజ్యానికి పోవాలంటే ముందు ఒక మంత్రగత్తెను కలవాలి. ఆమె నోరు విప్పాలంటే అడవిలో ఇరవై పుట్టగొడుగులు ఏరాలి. అవి ఏరుకొస్తే, ఇప్పుడు నక్కతోళ్లు తెమ్మంటుంది.

"గీ పనికి మనమే పైసలియ్యాల్నా? సిర్గాపూర్ దిక్కు పోయి ఎవ్వరి చేన్లనన్న కలుపు తీస్తే ఉల్టా మనకే కూలి ఇస్తరు గద," అన్నాడు తమ్ముడు.

నేను పడీపడీ నవ్వాను. ఆ మాట తీసుకుపోయి దుకాణంలో నలుగురికి చెప్పాను కూడా.

నెలలు గడిచాయి. వాడి ముఖం నల్లబడింది, కాళ్లు వాచాయి. తెర మూలకు, ఆట నూటికి ఎంత పూర్తయిందో చూపించే అంకె ఉంటుంది. ముప్పై ఒకటి దగ్గర ఆగింది. వేళ్లు పట్టు తప్పుతున్నాయని మీటలు నా చేతికిచ్చి, "నువ్వాడు, నేను చూస్త. గా పుట్టగొడుగులన్ని ఇడిసిపెట్టి సీదా కథకు పో," అన్నాడు. పోలేకపోయాను. ఆ చాకిరీ చేయకుంటే రాజుకు బలం రాదు. తర్వాతి కోట ముందు పదకొండుసార్లు చచ్చాడు రాజు. మళ్లీ మళ్లీ లేచాడు. తమ్ముడు చూస్తూ పడుకున్నాడు.

"అన్నా, ఒక్కటి అడుగుత. వంద గంటలంటే నాకు ఎన్ని వారాలో లెక్క జేసినవా?"

లెక్క చేయలేదు. దుకాణంలో రోజంతా లెక్కలే, ఆ ఒక్కటీ చేయలేదు. వారానికి రెండు గంటలు ఆడగలిగే మనిషికి వంద గంటలంటే ఏడాది. ఏడాది బతుకుతాడన్న మాట డాక్టర్ మా ఇద్దరిలో ఎవరితోనూ అనలేదు.

"కోపానికొచ్చి కాదు," అన్నాడు వాడే మళ్లీ. "ఊకెనే అడిగిన."

మరునాడే రేడియోల ఆట కొన్నాను. పూర్తి ధరకు, బేరం ఊసెత్తకుండా. అది చిన్నది, ఒక్క పూటలో దిగింది. మూడు విడతల్లో ఆడాం. నేను మీటలు నొక్కడం, వాడు దిండుకు ఒరిగి మేస్త్రీలా కేకలు వేయడం.

"గది కాదన్నా, ముందు బ్యాటరీ తియ్యి. షాక్ కొట్టి సస్తవ్."

ఆఖరున ముసలాయన తన భార్య రేడియో బాగుచేస్తాడు. దీపం వెలుగుతుంది, అందులో ఎవరో మాట్లాడుతారు. ఏమన్నారో వినపడదు. అంతే, ఆట తయారుచేసినవాళ్ల పేర్లు పడ్డాయి.

"ఇంతేనా?" అన్నాడు తమ్ముడు. "అరె, వైరు ఉల్టా కలిపిండు ముసలోడు. అది మోగుడేంది, పాడుగాను! మొత్తం మోసం. తొమ్మిది వందలు దండుగ జేసినవ్ అన్నా."

అంటూనే నవ్వుతున్నాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆట నిజంగానే బాగలేదు. సగం కథలు ఒకే తీరుగా ఉన్నాయి. అయినా నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టి, తెలియని దేశాలవాళ్ల పేర్లన్నీ పైకి పోయి తెర నల్లగా అయ్యేదాకా చూశాడు.

"అయిపాయె," అన్నాడు. ఏడాదిలో వాడు ముగించినది అదొక్కటే.

"ఇసొంటి చిన్నయి ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగితే ఇంకోటి కొన్నాను. అది తెరవలేదు. ఇరవై రోజులకు వాడు పోయాడు.

తెరవని ఆ ఆట కొన్నందుకు నాకు పశ్చాత్తాపం లేదు. రేడియోల ఆట ఎట్లున్నదని ఎవరన్నా అడిగితే ఇప్పటికీ బాగలేదనే చెప్తాను. ఆ ఏడాదిలో అట్లాంటి బాగలేని ఆటలు పది కొనియ్యగలిగేవాణ్ణి. పదింటినీ వాడు ఆఖరుదాకా ఆడి, పదిసార్లు నన్ను తిట్టి, నవ్వేవాడు.