బీరువాల తాళాలు తీసిన యాదక్క

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద యాదక్క పేరు. "ఏమ్మా, ఇంత పొద్దున్నే?" అన్నాను.

అవతల ఏడుపు. ఆమె కూతురు.

"సారూ, అమ్మ లేదు సారూ. నిద్రలనే పోయింది."

మొన్న సాయంత్రమే మాట్లాడాను. నా మోకాళ్లకు ఏ నూనె మంచిదో చెప్పింది. ఇంతలోనే ఇదేమిటి?

నిన్నటి నుంచి నాకు ఏడుపు రావడం లేదు. భయం వేస్తోంది.

మాదాపూర్ లైబ్రరీ మేడ మీద గదిలో, రోజూ సాయంత్రం పిల్లల దగ్గర కూర్చునేది ఆమె ఒక్కతే. పెద్దవాళ్లు ఎవరూ లేకపోతే ఆ గది తెరవకూడదని లైబ్రరీ కమిటీ షరతు.

సోమవారం ఎవరు కూర్చుంటారు?

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నైంటీస్ చివర్లో, హైటెక్ సిటీ మొదటి బిల్డింగ్ లేస్తున్న రోజుల్లో, నేను లెక్చరర్‌గా రిటైరై మాదాపూర్‌లో కిరాయికి ఉండేవాణ్ణి. ఊళ్లో చిన్న బ్రాంచ్ లైబ్రరీ. యాదమ్మ అక్కడ లైబ్రేరియన్. పిల్లలు యాదక్క అనేవారు. వయసులో నాకన్నా ఎంతో చిన్నదైనా, చివరికి నాకూ అదే అలవాటైంది.

అప్పట్లో లైబ్రరీ అంటే మా పెద్దవాళ్ల అడ్డా. పేపర్ రాగానే షీట్లు విడదీసి పంచుకునేవాళ్లం. పుస్తకాలన్నీ అద్దాల బీరువాల్లో, తాళాల వెనక. పేరు చీటీ మీద రాసిస్తే లైబ్రేరియన్ తీసి ఇవ్వాలి. ఒక్కటి పోయినా ఆమె మెడకే చుట్టుకుంటుంది.

టెన్త్, ఇంటర్ పిల్లలు గుమ్మం దాకా వచ్చి, అద్దాల వంక చూసి వెళ్లిపోయేవారు.

ఒకరోజు యాదక్క తాళాలన్నీ తీసేసింది. ఏమిటమ్మా ఈ ధైర్యం అన్నాను.

"పేరు తెల్వని పుస్తకాన్ని చీటీ మీద ఎట్ల రాస్తరు సారూ? చేతుల పట్టుకొని తిప్పి చూస్తెనే గద తెలిసేది."

అంతటితో ఊరుకోలేదు. స్కూళ్లు వదిలే వేళకు 'నిశ్శబ్దం' బోర్డును గోడ వైపు తిప్పేసేది. పిల్లలు మాట్లాడుకోవచ్చు.

వచ్చారు. భూములు అమ్ముకున్న ఇళ్ల పిల్లలు, కొత్త అపార్ట్‌మెంట్ల పిల్లలు, బిల్డింగ్ పనివాళ్ల రేకుల షెడ్ల పిల్లలు. అందరికీ ఒకటే బల్ల.

స్వరూప అని ఒక అమ్మాయి. టెన్త్‌లో లెక్కలు తప్పింది. తండ్రి సైట్ దగ్గర సెక్యూరిటీ. "ఫ్యాన్ కింద కూసుంట అక్కా, ఏం చదవను" అంది మొదటిరోజే.

"కూసో. ఫ్యాన్ కింద కూసునెటందుకు ఏమన్న పరీక్ష పెడ్తున్ననా?"

చాలారోజులు యాదక్క ఆ పిల్లను ఏమీ అడగలేదు. ఒక సాయంత్రం చూద్దును కదా, స్వరూప నక్షత్రాల పుస్తకం పట్టుకుని ఓ అపార్ట్‌మెంట్ కుర్రాడితో తగువాడుతోంది. "నీ ఇంగ్లీష్ మీడియం నీ దగ్గరనే పెట్టుకో. బొమ్మ చూస్తె తెలుస్తలేదా?"

యాదక్క నా వైపు చూసి కళ్లెగరేసింది.

నరహరిగారికి ఇది మింగుడుపడలేదు. అప్పుడూ కమిటీలో ఆయనదే మాట, ఇప్పుడూ ఆయనదే. "ఇది లైబ్రరీనా, సంతా అండీ?" అంటూ పై ఆఫీసుకు పిటిషన్ పెట్టారు. మీరు ఈ పోస్ట్ చదువుతారని తెలుసు నరహరిగారూ. చదవండి.

ఆఫీసర్ వచ్చి పుస్తకాలు లెక్కపెట్టించాడు. తాళాల్లేని బీరువాలు కదా, సగం పోయి ఉంటాయని నరహరిగారి ఆశ.

పోలేదు. ఎక్కువ తేలాయి!

పిల్లలు తాము చదివేసిన గైడ్లు, మ్యాగజైన్లు, ఇళ్లలోని కథల పుస్తకాలు తెచ్చి బీరువాల్లో సర్దేశారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"రికార్డులో లేని పుస్తకాలు ఎక్కడివమ్మా?"

"పిల్లలు పెట్టిండ్రు సార్."

"ఎవరి పర్మిషన్‌తో?"

తక్కువైతే సంజాయిషీ అడుగుతారని తెలుసు. ఎక్కువైనందుకు మెమో ఇవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆమెను వికారాబాద్ అవతలికి ట్రాన్స్‌ఫర్ చేశారు. బీరువాలకు మళ్లీ తాళాలు. పిల్లల పుస్తకాలు గోనెసంచిలో కట్టి మూల పడేశారు. స్వరూప ఒకటి రెండుసార్లు వచ్చి గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయింది. తర్వాత రాలేదు. ఆ పిల్ల ఏమైందో నాకు తెలియదు. యాదక్కకూ తెలియలేదు. అది ఆమెను చివరిదాకా తొలిచింది.

అందుకే రిటైరయ్యాక మాదాపూర్ తిరిగొచ్చి, కమిటీ చుట్టూ తిరిగి తిరిగి, ఆ మేడ మీద గది సంపాదించింది. తెరిచిన అరలు, మాట్లాడుకునే బల్ల.

నిన్న నరహరిగారు లైబ్రరీ వాట్సాప్ గ్రూపులో రాశారు, "గ్రంథాలయ మాతృమూర్తికి అశ్రునివాళి" అని. కింద వరసగా దండాల ఎమోజీలు. కాసేపటికే ఇంకో మెసేజ్: "బాధ్యులు లేనందున సోమవారం నుండి మేడ మీద గది మూసివేయబడును."

రెండూ ఆయన ఫోన్ నుంచే.

ఫోన్లున్న పిల్లలకు లైబ్రరీ ఎందుకండీ అంటారు. ఒంటిగది ఇంట్లో ఉండే పిల్ల, కాఫీ కొనకుండా స్నేహితులతో కూర్చోగల బల్ల ఈ ఐటీ కారిడార్ మొత్తంలో ఇంకెక్కడుందో చూపించండి.

నిన్న శ్మశానం బయట ఒక అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "తాతా, సోమవారం తెరుస్తరా? జర చెప్పుండ్రి."



ఇవాళ పొద్దున, గదిలో నేను కూర్చుంటానని కమిటీకి నా పేరు ఇచ్చాను. ఇప్పుడు ఉంటున్న మియాపూర్ నుంచి ఆటోలో వెళ్లగలను. ఆ మెట్లు ఎక్కగలనో లేదో తెలియదు. నాకు ఒంట్లో బాగోలేని రోజు గది మూస్తే ఇక తెరవరు. వీళ్లు నాకు తెలుసు.

అప్పట్లో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో కొందరు ఇప్పుడు ఆ చుట్టుపక్కల అద్దాల బిల్డింగుల్లోనే మేనేజర్లు. వారానికి ఒక్క సాయంత్రం రండి. చదువు చెప్పక్కర్లేదు. ఊరికే కూర్చోండి. రాలేకపోతే నాకు దండాల ఎమోజీలు మాత్రం పంపకండి.

యాదక్కా, పిల్లలు వస్తారో రారోనన్న ఆ కంగారు ఇక మాది. నువ్వు నిమ్మళంగా పడుకో తల్లీ.